బొమ్మ మీది, తలుపు మాది

స్పైరో అనే ఊదారంగు డ్రాగన్‌కి రెండు రెక్కలు. 1998లో ప్లేస్టేషన్ మీద పుట్టిన నాటి నుంచీ ఆ రెక్కలు చాచుకుని ఒక గుట్ట మీంచి ఇంకో గుట్ట మీదికి తేలిపోవడమే దాని బతుకు. 2011 అక్టోబరులో యాక్టివిజన్ కంపెనీ దాన్ని పట్టుకొచ్చి ‘స్కైలాండర్స్: స్పైరోస్ అడ్వెంచర్’ అనే కొత్త ఆటకి కథానాయకుణ్ని చేసింది. గాల్లో తేలే దీవుల లోకం, పేరులోనే ఆకాశం, ముందు నిలబడ్డది రెక్కలున్న డ్రాగన్. ఒక్కటే తక్కువైంది. గెంతే బటన్ లేదు. డ్రాగన్ ఒక్కదానికే కాదు, ఆ ఆటలోని ముప్ఫై రెండు మంది వీరుల్లో ఒక్కరికీ గెంతడం రాదు. పైకి వెళ్లాలంటే కంపెనీ దారిలో పరిచిన స్ప్రింగు పలక ఎక్కడుందో వెతుక్కుని దాని మీద నిలబడాలి. లోకాన్ని కాపాడే వీరుడికి మోకాలెత్తు గట్టు ఎదురైతే చుట్టూ తిరిగి రావాలి.

ఆటగాళ్లు ఊరుకున్నారా? ఊరుకోలేదు. యాక్షన్ గేమ్ అన్నాక గెంతు లేకపోవడమేమిటని, మారియో ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పనే కదా అని గట్టిగానే కేకలేశారు. కేకలేస్తూనే పెట్టె కొన్నారు. 2012లో రెండో ఆట ‘జెయింట్స్’ వచ్చింది. అందులోనూ గెంతు లేదు. మళ్లీ కేకలు, మళ్లీ పెట్టె. 2013లో ‘స్వాప్ ఫోర్స్’ వచ్చింది. అందులో గెంతు ఉంది! మూడేళ్ల సిరీస్‌లో తొలిసారి పాదం నేల విడిచింది. కంపెనీ దాన్ని కొత్తదనం కింద చాటుకుంది. మా మాట విన్నారు చూశారా అని ఆటగాళ్లు పొంగిపోయారు. విన్నందుకు కృతజ్ఞతగా కొత్త డిస్కూ కొన్నారు, ఆ డిస్క్‌కి మాత్రమే పనికొచ్చే కొత్త పీటా కొన్నారు.

ఆ కృతజ్ఞత గురించే నా గోలంతా.

తెలియనివాళ్ల కోసం ముందు ఆ పీట సంగతి. తొలి ఆట తయారుచేసింది కాలిఫోర్నియాలోని టాయ్స్ ఫర్ బాబ్ అనే స్టూడియో. ప్లాస్టిక్ బొమ్మ అడుగున ఒక చిప్ ఉంటుంది. టీవీ ముందు ‘పోర్టల్ ఆఫ్ పవర్’ అని వెలిగే పీట ఉంటుంది. పీట మీద బొమ్మని పెడితే తెర మీద అదే వీరుడు ప్రత్యక్షమవుతాడు. బొమ్మకి బ్యాటరీ అక్కర్లేదు, పీట పంపే రేడియో తరంగమే చిప్‌కి ఆహారం. వీరుడు ఎంత బంగారం కూడబెట్టాడు, ఏ స్థాయికి ఎదిగాడు, నెత్తిన ఏ టోపీ పెట్టుకున్నాడు అన్నీ ఆ చిప్ మీదే రాసి ఉంటాయి. కాబట్టి నింటెండో వీ ఉన్న పిల్లాడు తన బొమ్మని జేబులో వేసుకుని ప్లేస్టేషన్ ఉన్న స్నేహితుడి ఇంటికి వెళితే అక్కడా అదే స్థాయి, అదే బంగారం, అదే టోపీ. కన్సోల్ కంపెనీలు ఒకరి గుమ్మం ఒకరు తొక్కని రోజుల్లో ఒక బొమ్మ ఆ గుమ్మాలన్నీ దాటేసింది. ఇది నిజంగా మెచ్చుకోవలసిన పని. మెచ్చుకున్నాను. ఇక అసలు సంగతికి వద్దాం.

స్టార్టర్ ప్యాక్ ధర అప్పట్లో అమెరికాలో 70 డాలర్లు. అందులో డిస్కు, పీట, మూడు బొమ్మలు: మంత్రశక్తి స్పైరో, నీటిశక్తి గిల్ గ్రంట్, యంత్రశక్తి ట్రిగర్ హ్యాపీ. ఆటలో శక్తులు మాత్రం ఎనిమిది. నిప్పు, నేల, గాలి, జీవం, ప్రేతం అని ఇంకో ఐదున్నాయి. దారి పొడుగునా ఏదో ఒక శక్తి ముద్ర కొట్టిన తలుపులు కనిపిస్తుంటాయి. ఆ శక్తి గల బొమ్మ పీట మీదుంటేనే తెరుచుకుంటాయి. మూడు తాళం చెవులు పెట్టెలో, ఐదు కొట్లో. తలుపు అవతల ఉన్న దీవి ఎక్కడో కంపెనీ గోదాములో లేదు. మీరు డబ్బిచ్చి కొన్న డిస్కులోనే, మీ ఇంట్లోనే, మీ టీవీ కిందే ఉంది. దాన్ని చూడాలంటే ఎనిమిది డాలర్ల బొమ్మ ఇంకోటి కావాలి. పెళ్లికి పిలిచి, విస్తరేసి, పప్పూ పులుసూ కొసరి కొసరి వడ్డించి, లడ్డూని మాత్రం అదే విస్తరిలో గాజు మూత కింద పెట్టి, మూత తాళం చెవి పక్క వీధి కొట్లో అమ్ముతారండీ అని చెప్పడం ఎంత మర్యాదో ఇదీ అంతే మర్యాద.

అంతకన్నా ముచ్చటైనది ‘సోల్ జెమ్’. ఆటలో కష్టపడి వెతికితే మూలమూలలా మెరిసే రత్నాలు దొరుకుతాయి. ఒక్కో రత్నం ఒక్కో వీరుడిది. ఆ వీరుడు మీ దగ్గరుంటే అతనికి కొత్త విద్య అబ్బుతుంది. లేకపోతే? ఆ వీరుడు ఎంత గొప్పగా యుద్ధం చేస్తాడో చూపించే చిన్న వీడియో వేస్తారు. అంటే ఆరేళ్ల పిల్లాడు శత్రువుల్ని చంపి, చిక్కుముడులు విప్పి, గుహల్లో దూరి కొల్లగొట్టిన నిధి పేరు వ్యాపార ప్రకటన. టీవీలో ప్రకటన వస్తే ఛానల్ మార్చే జాతిని, ప్రకటన కోసం పోరాడి గెలిచే జాతిగా మార్చిన ఘనత ఇంకెవరికీ లేదు.

ప్రాణాలూ అంతే. వీరుడు దెబ్బలు తిని పడిపోతే ఆ లెవెల్ అయ్యేదాకా మళ్లీ లేవడు, పీట మీద ఇంకో బొమ్మ పెట్టాలి. బొమ్మలన్నీ అయిపోతే లెవెల్ మొదటి నుంచి. వెనకటి రోజుల్లో వీడియో గేమ్ పార్లర్లో నాణెం వేస్తే ప్రాణం వచ్చేది. ఇక్కడ ప్రాణానికి రంగులు వేసి, కళ్లు దిద్ది, అట్టపెట్టెలో పెట్టి అమ్మారు.

ఇన్ని చూశాక ఆటగాళ్లేమన్నారు? ఏం అనలేదో చెప్పడం తేలిక. ‘కొనం’ అనలేదు.

ముందు సమర్థకుల సంగతి. వీళ్ల వాదం ఇనుప గోడ: “కథ పూర్తి చేయడానికి మూడు బొమ్మలు చాలు. మిగతావి మీ ఇష్టం. ఎవరు బలవంతం చేశారు?” ఇది అక్షరాలా నిజం. మూడు బొమ్మలతో చివరి విలన్ కేయాస్ దాకా వెళ్లొచ్చు, ఓడించొచ్చు. ఈ నిజం చెప్పే పెద్దమనిషి వయసు ముప్ఫై, అతని వెనక అలమరలో ముప్ఫై రెండు బొమ్మలూ, శక్తుల వారీగా, ఎత్తు వారీగా, దుమ్ము లేకుండా నిలబడి ఉంటాయి. తనకి అక్కర్లేదని ఇంత శ్రద్ధగా నిరూపించినవాడు చరిత్రలో లేడు. పెట్టెలోని మూడు పోను మిగతా ఇరవై తొమ్మిదీ బొమ్మకి ఎనిమిది డాలర్ల లెక్కన వేసుకున్నా దగ్గర దగ్గర 230 డాలర్లు. అంటే ‘చాలు’ అనే మాట కింద మూడు స్టార్టర్ ప్యాక్‌ల ఖర్చు దాగుంది.

ఆ వాదాన్ని ఆరేళ్ల పిల్లాడి ముందు పెట్టి చూడండి. అమెరికాలో ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో ఒక తెలుగిల్లు. పిల్లాడు టీవీ ముందు ఆగిపోయాడు.

“నాన్నా, ఈ డోర్ తెరుచుకోవట్లేదు.”

“ఇంకో దారి ఉంటుంది చూడు కన్నా.”

“లేదు నాన్నా. ఫైర్ వాడు కావాలంటోంది.”

“మన దగ్గర నీళ్లవాడు ఉన్నాడుగా. నిప్పుకి నీళ్లే కదా మందు?”

“నాన్నా, నీకేం తెలీదు.”

నిజమే, నాన్నకేం తెలీదు. ఎనిమిది డాలర్లని అప్పటి లెక్కన నాలుగొందల రూపాయలు చేసుకుని ఒకసారి ఉలిక్కిపడటం తెలుసు. వారాంతంలో కారు తీయడం తెలుసు. ఈ మొత్తం వ్యాపారంలో అభిప్రాయం అడగాల్సిన అసలు మనిషి ఆయనే. ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. బిల్లు చెప్పింది. తొలి పదిహేను నెలల్లో ఆటలూ బొమ్మలూ కలిపి అమ్మకాలు 100 కోట్ల డాలర్లు దాటాయని 2013లో కంపెనీ ప్రకటించుకుంది.

ఇక విమర్శకులు. ఇది పర్సుకి ప్రమాదమని, తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలని, పిల్లల మనసులతో ఆడుకుంటున్నారని మూడు పేరాలు హెచ్చరించి, నాలుగో పేరాలో పదికి ఎనిమిది మార్కులు వేసే రివ్యూ ఈ ఆటల కాలంలో ఒక ప్రక్రియగా స్థిరపడింది. కోపం పేరాల్లో పోతుంది, మార్కు పెట్టె మీదికెక్కుతుంది.

పాత స్పైరో భక్తుల బాధ వేరు. తమ చిన్ననాటి డ్రాగన్ మొహాన్ని కప్పలా చదును చేశారని, అట్ట మీద పేరు వాడుకుని లోపల ముప్ఫై రెండు మందిలో ఒకణ్ని చేశారని వాళ్లు టాయ్స్ ఫర్ బాబ్‌ని తిట్టని తిట్టు లేదు. ఈ స్టూడియోకి స్పైరో అంటే అర్థమే తెలియదన్నారు. 2018లో స్పైరో తొలి మూడు ఆటల్నీ కొత్తగా చెక్కిన ‘రీఇగ్నైటెడ్ ట్రైలజీ’ వచ్చింది. ఇదిగో, స్పైరోని ప్రేమించేవాళ్లు చేసిన పని ఇలా ఉంటుంది అని కళ్లు తుడుచుకున్నారు. చేసింది ఎవరు? అదే టాయ్స్ ఫర్ బాబ్.

కంపెనీ కూడా ఆటగాళ్ల అభిప్రాయాల్ని తేలిగ్గా తీసుకోలేదు. ఆ గౌరవం కంపెనీకి ఇవ్వాల్సిందే. ప్రతి ఫిర్యాదునీ వింది, రాసుకుంది, దానికో అచ్చు పోయించింది, ధర చీటీ అంటించింది. విలన్లు వీరులకన్నా తమాషాగా ఉంటారు, వాళ్లతో ఆడనివ్వరా అని అడిగారు. అడిగినదే తడవు 2014లో ‘ట్రాప్ టీమ్’. విలన్‌ని ఓడించి, స్ఫటికం లాంటి ప్లాస్టిక్ ముక్కలో బంధించి, వాడితోనే ఆడుకోవచ్చు. బంధించే క్షణం నిజంగా బాగుంటుంది. విలన్ గొంతు టీవీలోంచి జారి పీటలోని స్పీకర్‌లోకి వచ్చేస్తుంది, లోపల్నుంచి సణుగుతూ ఉంటుంది. కానీ నిప్పు విలన్‌కి నిప్పు స్ఫటికమే కావాలి, గాలివాడికి గాలిదే. పెట్టెలో వచ్చేవి రెండు, నీరూ జీవమూ. సిరీస్ మొదటి రోజు నుంచీ అందరూ తన్నాలనుకుంటున్న కేయాస్‌ని బంధించాలా? ఆయన హోదాకి తగ్గ స్ఫటికం విడిగా అమ్మారు. అంతకు ముందున్న ఎనిమిది శక్తులకి వెలుగు, చీకటి అని ఇంకో రెండు తోడయ్యాయి. అవీ విడిగానే. సృష్టిలో వెలుగుని వేరే ప్యాక్‌లో పెట్టి అమ్మినవాళ్లు వీళ్లే.

పాత బొమ్మలు కొత్త ఆటలో పనిచేస్తాయి, మీ డబ్బు ఎక్కడికీ పోదు అన్నది మొదటి నుంచీ కంపెనీ మాట. మాట తప్పలేదు. ‘ట్రాప్ టీమ్’లో మూడేళ్ల నాటి స్పైరో నడుస్తాడు, కొడతాడు, గెంతుతాడు కూడా. శక్తి తలుపు ముందుకొస్తే మాత్రం అతని ముద్ర చెల్లదు. ‘ట్రాప్ మాస్టర్’ అనే కొత్త జాతి బొమ్మకే తెరుస్తుంది. నోట్లు చెల్లుతాయి, బ్యాంకులో తప్ప. కొత్త వీరుడి బొమ్మ పాత ఆటలో పనిచేస్తుందా అని అడగకండి, పనిచేయదు. కాలం ముందుకే నడుస్తుంది, ముఖ్యంగా క్యాష్ కౌంటర్ వైపు.

ఇంతకీ స్పైరోలెన్ని? కొన్ని చూడండి. మామూలు స్పైరో, నల్ల స్పైరో, బంగారు అంచుల ‘లెజెండరీ’ స్పైరో, ‘జెయింట్స్’ నాటికి భంగిమ మార్చి నిలబడ్డ రెండో సిరీస్ స్పైరో, ‘స్వాప్ ఫోర్స్’లో ‘మెగా రామ్’ స్పైరో. ఒకే డ్రాగన్ ఒకసారి తల ఎత్తింది, ఒకసారి తల దించింది. కొత్త భంగిమకి ‘వౌ పౌ’ అనే అదనపు విద్య తోడిచ్చారు. ఒకటే బొమ్మని మళ్లీ మళ్లీ అమ్ముతున్నారని ఆటగాళ్లు మండిపడ్డారు. మండిపడటానికి రుజువు కావాలి కదా, అందుకని అన్నీ కొన్నారు. ఈ ఐదూ చేతిలో ఉన్నవాడి విమర్శకుండే బరువు ఒకటే ఉన్నవాడి మాటకి రాదు.

పక్కవాళ్లు ఊరుకుంటారా? 2013 ఆగస్టులో డిస్నీ ‘ఇన్ఫినిటీ’తో దిగింది. పేరుకి అనంతం. పెట్టెలో జాక్ స్పారో, సల్లీ, మిస్టర్ ఇన్‌క్రెడిబుల్, అంటే మూడు సినిమాలకి ఒక్కొక్క బొమ్మ. ఒక సినిమా ప్రపంచంలోకి ఇంకో సినిమా మనిషి రాకూడదు. అన్నా చెల్లెలూ కలిసి ఓడదొంగల కథ ఆడదామనుకున్నారనుకోండి. జాక్ స్పారో ఒక్కడే. చెల్లెలి చేతిలో సల్లీ ఉంది, సముద్రంలోకి రానివ్వరు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఇద్దరాడుకోవడానికి రెండు కంట్రోలర్లున్నాయి, రెండో బొమ్మ లేదు. అన్నాచెల్లెళ్ల తగువుని ఇంత పకడ్బందీగా డిజైన్ చేసిన ఆట మరొకటి లేదు. దీని మీద ఆటగాళ్ల అభిప్రాయం తెలుసుకోవాలంటే ఏ రివ్యూలూ అక్కర్లేదు, పక్క గదిలోంచి వినబడుతుంది.

2015లో లెగో కూడా ‘డైమెన్షన్స్’ అని 100 డాలర్ల పెట్టెతో వచ్చింది. అందులో పీట మీది ద్వారాన్ని ఇటుక ఇటుకా పేర్చి మనమే కట్టుకోవాలి. డబ్బిచ్చినవాడే కూలి. అయినా లెగో వాళ్లని ఎవరూ ఏమీ అనలేదు, కట్టడమే కదా వాళ్ల బొమ్మల సరదా. స్కైలాండర్స్‌కీ ఆ ఏడాది ‘సూపర్‌ఛార్జర్స్’ పేరుతో బళ్లు తోడయ్యాయి. నేల మీది బండి పెట్టెలో, ఆకాశానిదీ సముద్రానిదీ విడిగా. అప్పటికి కథ ఎటు పోతుందో పిల్లలకి కూడా తెలిసిపోయింది.

2016 మేలో డిస్నీ తన అనంతానికి తెర దించింది. 14.7 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది, దాన్ని తయారుచేసిన సాల్ట్ లేక్ సిటీలోని అవలాంచ్ స్టూడియోని మూసేసింది. దాదాపు 300 మంది ఉద్యోగాలు పోయాయి. వాళ్లలో చాలామంది తలుపులకి ధర కట్టినవాళ్లు కాదు, బొమ్మలకి కనుబొమలు దిద్దినవాళ్లు, లెవెళ్లు పేర్చినవాళ్లు. స్కైలాండర్స్ కన్సోల్ సిరీస్ ఆ ఏడాది ‘ఇమాజినేటర్స్’తో ఆగింది. 2017లో లెగో, మూడేళ్లు నడుపుతామన్న ఆటని రెండేళ్లకే ఆపింది. 2018లో అమెరికాలో బొమ్మలమ్మే టాయ్స్ ఆర్ అస్ దుకాణాలే మూతపడ్డాయి. అదే ఏడాది యూబీసాఫ్ట్ ‘స్టార్‌లింక్’ అని కంట్రోలర్ మీద బిగించే అంతరిక్ష నౌకలతో వచ్చి, కొన్ని నెలలకే ఇక కొత్త బొమ్మలు చేయమని చెప్పేసింది.

అప్పుడు చూడాలి ఆటగాళ్ల విజయోత్సాహం. దురాశకి ఇదే శిక్ష, మేం ముందే చెప్పాం, మా నిరసనే వీళ్లని కూల్చింది అన్నారు. ఏ నిరసన? 2011లో తలుపులు తప్పన్నారు, కొన్నారు. 2012లో గెంతు లేదన్నారు, కొన్నారు. 2013లో కొత్త పీట ఎందుకన్నారు, కొన్నారు. 2014లో స్ఫటికాలు అన్యాయమన్నారు, కొన్నారు. నాకు తోచిన కారణం ఇంకా మామూలుది. ఇళ్లలో అలమరలు నిండిపోయాయి, దుకాణాల్లో ఇన్ని కంపెనీల బొమ్మలు ఒకే అరలో కుక్కుకున్నాయి, తొలి బొమ్మ కొన్న పిల్లాడికి పన్నెండేళ్లొచ్చాయి. వాడు ఏ అభిప్రాయమూ ప్రకటించలేదు. ఫోన్ తీసుకుని పక్కకి వెళ్లిపోయాడు.

ఇన్నాళ్లూ కొన్నది ఏమిటో కూడా ఇప్పుడు తేలింది. స్కైలాండర్స్ బొమ్మలోని చిప్ సామర్థ్యం ఒక కిలోబైటు. ఈ వ్యాసంలోని పొడుగు పేరా ఒక్కటి కూడా అందులో పట్టదు. కాస్త పని తెలిసినవాళ్లు ఆ కిలోబైటుని అలాంటి చిప్పే ఉన్న ఖాళీ ఎన్‌ఎఫ్‌సీ బిళ్ల మీదికి ఎక్కించి, పీట మీద పెట్టి, మూసిన తలుపులన్నీ తెరుచుకుంటున్నారు. ఇది దొంగతనమని నిజాయతీపరులైన ఆటగాళ్లు కోప్పడుతున్నారు. కంపెనీ తయారీ ఆపేసిన బొమ్మని, పాత సామాన్ల వ్యాపారి దగ్గర అసలు ధరకి ఎన్నో రెట్లు ఇచ్చి కొనడం ధర్మమట. అందులో ఒక్క పైసా కంపెనీకి చేరదు. కంపెనీ లేనిచోట కూడా కంపెనీ తరఫున కాపలా కాసే ఇలాంటి వినియోగదారుణ్ని ఏ మార్కెటింగ్ విభాగం తయారుచేయగలదు?

2023 అక్టోబరులో యాక్టివిజన్ మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చింది. మరుసటి ఏడాది టాయ్స్ ఫర్ బాబ్ బయటికొచ్చి స్వతంత్ర స్టూడియో అయింది. అప్పటి నుంచి ఆటగాళ్ల కొత్త డిమాండ్: స్కైలాండర్స్ మళ్లీ రావాలి. పాత బొమ్మలన్నీ పనిచేయాలి. తలుపులుండాలి, తలుపుల్లేకపోతే అది స్కైలాండర్సే కాదు. కొత్త పీట అయినా ఫర్వాలేదు, కానీ రంగులు బాగా వెలగాలి. ఒకప్పటి ఫిర్యాదులన్నీ ఇప్పుడు షరతులయ్యాయి.

ఈ లోకంలో అందరికన్నా పై మెట్టు మీద కూర్చున్నవాడు మాత్రం ఏమీ డిమాండ్ చేయడు. అతని దగ్గర ఆరు ఆటల బొమ్మలూ ఉన్నాయి, అన్నీ అట్ట మీద, ప్లాస్టిక్ బుడగ కింద, సీలు తియ్యకుండా. సీలున్న బొమ్మకే మార్కెట్లో విలువ. ఏ పీటా వాటిని ముట్టలేదు, ఏ తలుపూ వాటికి తెరుచుకోలేదు. మిగతావాళ్లు తగువు పడినప్పుడు తీర్పు కోసం ఇతని దగ్గరికే వస్తారు. ఇంతకీ ఆరింట్లో ఏ ఆట బాగుందండీ అని అడిగారనుకోండి, చిన్నబుచ్చుకుంటాడు.

“నేను ఆడలేదండీ. ఆడితే రేటు పడిపోతుంది.”